చప్పటి తర్జుమా

"పత్రిక కావాలండీ."

"చందాదారులా?"

"కాదండీ."

"విడిగా ఒక కాపీ కావాలంటే ఎదురుగా పుస్తకాల కొట్లో దొరుకుతుంది. ఇక్కడ అమ్మం."

"కొనడానికి రాలేదండీ. గవర్నమెంటు ఆఫీసు నుంచి వచ్చాను. ఈ వారం మీ పత్రిక మాకు అందలేదు. చట్టం ప్రకారం ప్రతి సంచికా ఒకటి..."

అంతవరకూ తల వంచుకుని పత్రికలు మడతపెడుతున్న ఆ అమ్మాయి అప్పుడు తలెత్తింది. ముక్కు మీద సిరా మచ్చ ఉంది. మచ్చ ఉన్న సంగతి ఆమెకు తెలియదు. చెప్పే ధైర్యం అతనికి లేదు.

"ఓహో! దొరల చెవి అంటే మీరేనా?" అంది. "ఊరంతా చెప్పుకుంటుంటే ఎంత పెద్ద చెవో అనుకున్నాను. ఇంత బక్కగా ఉందేమిటి?"

ఆ పేరు అతను వీధిలో రోజూ వినేదే. కానీ ఎప్పుడూ వెనకనుంచి వినబడేది. ఇలా ఎదురుగా, నవ్వుతూ, కళ్ళలోకి చూస్తూ అన్నవాళ్ళు ఎవరూ లేరు. తిట్టయినా సరే, ఒకరు తనతో నేరుగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

ఆఫీసులో అతన్ని 'తర్జుమా' అనేవారు. జనం భాషలో అచ్చయ్యే పత్రికలన్నీ చదవటం, సర్కారును గురించి ఎవరేమన్నారో ఇంగ్లీషులోకి దించి పై అధికారికి పంపటం, ఇదీ అతని ఉద్యోగం.

చేరిన కొత్తలో పని తేలిక. దొరల ఓడలు ఎప్పుడొస్తాయో, ఎవరి బంగళా వేలానికొచ్చిందో వేసే పక్షపత్రిక ఒకటి, మతబోధకుల మాసపత్రిక ఒకటి వచ్చేవి. సంచిలో పెట్టుకుని తీరిగ్గా ఇంటికి తెచ్చుకునేవాడు. తర్వాత చూస్తూ చూస్తూ ఉండగానే పత్రికలు పుట్టుకొచ్చాయి. వర్తకులకొకటి, విద్యార్థులకొకటి, ఆడవాళ్ళకొకటి, ఈ మూడింటి మీదా అలిగినవాళ్ళు పెట్టింది మరొకటి. బల్ల నిండింది. బల్ల మీంచి కుర్చీ ఎక్కాయి. కుర్చీ మీంచి కిటికీ దాకా పేరుకుని వెలుతురుకు అడ్డం నిలబడ్డాయి.

ఊళ్ళో ఎవరింట్లో చూసినా ఇప్పుడు పత్రికే. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకున్నవాడు కూడా వార్త పూర్తయ్యేదాకా లేచేవాడు కాడు. టీ కొట్లో చదువొచ్చినవాడు ఒకడు పైకి చదివితే పదిమంది చుట్టూ చేరి వినేవారు. మధ్యలో వాదించుకునేవారు, నవ్వుకునేవారు, దొరల మీద కాస్త గొంతు తగ్గించి జోకులేసుకునేవారు.

అతను లోపల అడుగు పెట్టగానే ఆ చదివేవాడు పత్రిక మడిచేసేవాడు. "వానొచ్చేట్టుంది," అనేవాడు ఒకడు. "అవునవును," అనేవాడు ఇంకొకడు. ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండేది కాదు. అతను టీ తాగేసి బయటపడగానే వెనక మళ్ళీ చదువు మొదలయ్యేది.

ఊరు ఊరంతా ఏం మాట్లాడుకుంటోందో అతనికి తెలుసు. అతనితో మాత్రం ఎవరూ మాట్లాడరు.

అమ్మా నాన్నా లేరు. ఒక అక్క ఉంది. బావకి సర్కారంటే ఒళ్ళు మంట. "ఆ ఉద్యోగం మానేదాకా మీ తమ్ముణ్ణి మన గడప తొక్కనివ్వకు," అన్నాడట. అక్క ఏడుస్తూ కబురు చేసింది. మానేస్తే ఎలా బతకాలో మాత్రం బావ చెప్పలేదు.

"ఏం, అలా నిలబడిపోయారు?" అంది ఆ అమ్మాయి. "ఇదిగోండి మీ పత్రిక. ఇంకా తడి ఆరలేదు. దొరగారి చేతులకు సిరా అంటితే మా పూచీ లేదు."

"దొరగారు చూడరండీ. నేనే చదువుతాను."

"అంతా?"

"అక్షరం వదలకుండా. ప్రకటనలతో సహా. పోయినసారి మూడో పేజీలో ఒక లైను రెండుసార్లు పడింది."

ఆ అమ్మాయి చేతిలో మడత ఆగిపోయింది. "మా మావయ్య ఎడిటరై ఉండి కూడా తన పత్రిక పూర్తిగా చదవడు. చందాదారులు మొదటి పేజీ చూసి దాంతో బీరువాలో అరలు పరుచుకుంటారు. ఇంత కష్టపడి అచ్చేస్తే అంతా చదివేది చివరికి సర్కారు మనిషా!" అని ఫక్కున నవ్వింది.

అతనికి ధైర్యం వచ్చింది. "నిజం చెప్పాలంటే నేను వారమంతా ఎదురుచూసేది చివరి పేజీ కోసం. 'గుమ్మంలోంచి' అని వస్తుందే, అది. అది రాసే ముసలాయన ఎవరండీ?"

"ముసలాయనా?"

"యాభై దాటి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులు, బయటికి పోలేడు. గుమ్మంలో కూర్చుని వీధిలో వచ్చేపోయేవాళ్ళని చూస్తుంటాడు. భార్య పోయి ఉంటుంది. పిల్లలు పట్టించుకోరనుకుంటా. లేకపోతే అంత ఒంటరితనం..."

ఆమె ముఖంలో నవ్వు కాస్త వెనక్కి తగ్గింది. "ఆయన ఒంటరితనం గురించి ఎప్పుడూ రాయలేదే? అన్నీ వేళాకోళాలేగా."

"రాయలేదండీ. కానీ తెలుస్తుంది."

"ఎలా?"

"తెలిసినవాళ్ళకి తెలుస్తుంది," అన్నాడు. అని, తను అనవలసినదానికంటే ఎక్కువ అన్నట్టు అనిపించి, పత్రిక పట్టుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

మరుసటి వారం పత్రిక పోస్టులో వస్తుందని తెలిసీ మళ్ళీ వెళ్ళాడు. ఆ పై వారమూ వెళ్ళాడు.

"పోస్టు అనేది ఒకటి ఉంది కదయ్యా," అన్నాడు హెడ్ గుమాస్తా కళ్ళజోడు మీంచి చూస్తూ.

"ఆలస్యమవుతోందండీ."

"మిగతా పత్రికలన్నీ ఆ పోస్టులోనే వేళకి వస్తున్నాయి మరి."

"అవి వేరండీ."

"అదే నేనూ అనుకుంటున్నాను, వేరే అని," అని హెడ్ గుమాస్తా కాగితాల్లో తల దూర్చేశాడు. అంతకు మించి అడిగే మనిషి కాదు.

ప్రెస్‌కి వెళ్ళినప్పుడల్లా ఆ అమ్మాయి ముసలాయన కబురు చెప్పేది. "ముసలాయనకి జ్వరం, ఈ వారం చిన్నదే రాశాడు." "ముసలాయన మిమ్మల్ని అడిగాడు, కళ్ళజోడు ఎందుకు పెట్టుకోరని." "ముసలాయనకి మీ నడక నచ్చలేదట. ఎవరో తరుముతున్నట్టు నడుస్తారట."

"ఆయన నన్నెప్పుడు చూశాడు?"

"గుమ్మంలోంచి."

అతను నిజంగానే చుట్టూ చూసేవాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

వాన రోజున తెలిసింది. ప్రెస్ మెట్ల దగ్గరికొచ్చేసరికి కుండపోత. పరిగెత్తుకుంటూ వరండాలోకి ఎక్కాడు. జుట్టంతా కారుతోంది. ఆమె గుమ్మంలో పీట వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని ఏదో రాస్తోంది. తలెత్తకుండానే, "ఆగండి, ఈ ముక్క అయిపోనివ్వండి," అంది. రాయటం అయ్యాక పైకి చదివింది.

"వాన రాగానే వీధిలో అందరూ పరిగెత్తారు. ఎవరి ఇంటికి వాళ్ళు. తడిసినందుకు తిట్టేవాళ్ళున్న ఇళ్ళకి."

అతను వంగి అట్ట మీది కాగితం వంక చూశాడు.

"ఇది ముసలాయన మాట," అన్నాడతను.

"అవును."

"చేతిరాత మీది."

"అవును."

"మోకాళ్ళ నొప్పులో?"

"అప్పుడప్పుడు," అంది. ఈసారి ఇద్దరూ నవ్వారు. అతను నవ్వుతుంటే కొత్త మనిషిలా ఉన్నాడని ఆమెకనిపించింది. అతనికి మాత్రం తన నవ్వు తనకే వింతగా వినిపించింది, పక్క గదిలో ఎవరో నవ్వినట్టు.

చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మావయ్య తెచ్చి పెంచాడని, ఆయన పెళ్ళి చేసుకోలేదని, పత్రికే ఆయన సంసారమని చెప్పింది. పత్రికలు చదివే పిల్లతో తమ పిల్లలు చెడిపోతారని వీధిలో ఆడవాళ్ళు తమవాళ్ళని రానిచ్చేవారు కారట. "నాతో మాట్లాడేవాళ్ళు లేక నేను వాళ్ళ మాటలు వింటూ కూర్చున్నాను. విన్నవి రాశాను. ఇప్పుడు ఆ రాసినవి చదివి, ఎవరో మన వీధి సంగతులు భలే రాస్తున్నారే అనుకుంటారు. నన్ను పలకరించరు."

అంతలో గొడుగు మూసుకుంటూ ఎడిటరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, గొడుగులాగే ఉన్నాడు. అతన్ని చూసి ఆగాడు.

"ఎవరమ్మాయ్?"

"మన పత్రిక పూర్తిగా చదివే ఒక్క మనిషి, మావయ్యా."

"గవర్నమెంటు ఆఫీసండీ," అన్నాడతను నిజాయితీగా.

ఎడిటరు కాసేపు ఎగాదిగా చూశాడు. "చదివి ఎక్కడికి చేరవేస్తారో అది అటుంచండి. పూర్తిగా చదువుతారా? అయితే లోపలికి రండి, తడిసిపోయారు. సంపాదకీయం ఎలా ఉంది?"

"పొడుగ్గా ఉందండీ."

ఎడిటరు పకపకా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అతనికో కుర్చీ ఉండేది.

ఎండాకాలం వచ్చింది. వీధి కుళాయిలు ఎండిపోయాయి. దొరల క్లబ్బు పక్కన పచ్చిక మాత్రం పొద్దునా సాయంత్రం తడుపుతూనే ఉన్నారు. 'గుమ్మంలోంచి' వేళాకోళం పదునెక్కింది. 'గడ్డికి దాహమైతే సర్కారు బిందెలతో పరిగెత్తుతుంది. మనం కూడా పచ్చగా పుట్టి ఉండాల్సింది' అని రాసిందామె ఒక వారం.

అది తన బల్ల మీదికి వచ్చినప్పుడు అతను చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. పక్క ఊళ్ళో ఒక ప్రెస్‌కి అప్పుడే తాళం పడింది. చివరికి ఇంగ్లీషులో ఇలా రాశాడు: 'నీటి ఎద్దడి గురించి ఒక గృహిణి విన్నపం. ప్రభుత్వ దయను కోరుతున్నారు.'

మరుసటి వారం కూడా గృహిణి విన్నవించుకుంది. ఆ పై వారం గృహిణి కృతజ్ఞతలు కూడా చెప్పుకుంది. ఊళ్ళో జనం ఆ వ్యాసాలు చదివి పళ్ళు నూరుతుంటే, ఆఫీసు ఫైలులో ఒక అమాయకురాలు వినయంగా చేతులు కట్టుకు నిలబడి ఉండేది.

ఆ సంగతి అతనే చెప్పాడు. ఎవరూ అడగలేదు, చెప్పాలనిపించింది. మనిషి ఒకరికోసం ఏదైనా చేస్తే అది వాళ్ళకి తెలియాలనుకోవటం సహజమే కదా.

ఆ సాయంత్రం ఆమె ప్రూఫులు దిద్దుతూ, "దొరలు నా మాటలు చదివి ఏమంటున్నారో చెప్పరేం? కోపమొచ్చిందా? కుర్చీలు విసిరారా?" అంది ఉత్సాహంగా.

"ఏమీ అనరు. మీకేం భయం లేదు. నేనున్నాగా."

"అంటే?"

చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం వెలుగుతుందని చూశాడు. ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి.

"గృహిణా? నేనా?"

"ఊరికే, అలా రాస్తే..."

"విన్నపమా? కృతజ్ఞతా?"

"మీ ప్రెస్ మూయించేస్తారండీ! మీ మావయ్యని పట్టుకుపోతారు. మిమ్మల్ని కాపాడాలనే..."

"కాపాడమని నేనడిగానా?" లేచి నిలబడింది. "చిన్నప్పటినుంచీ నన్నెవరూ పలకరించలేదని చెప్పాను మీకు. నా మాట వినేవాళ్ళు లేకే రాయటం మొదలుపెట్టానని చెప్పాను. ఈ ఊళ్ళో నన్ను పూర్తిగా విన్నది మీరొక్కరే అనుకున్నాను. విని, మీరే నా నోరు మూశారు. ఊరుకోక, నా నోటితో దండాలు కూడా పెట్టించారు!"

అతనికి భాషలు రెండు తెలిసి, రెండింట్లోనూ మాట దొరకలేదు.

"వచ్చే వారం నుంచి పోస్టులో పంపిస్తాం," అంది. "వేళకే అందుతుంది."

అందింది కూడా. ఆ తర్వాతి వారాలు అతనికి ఎలా గడిచాయో చెప్పటానికి పెద్దగా ఏమీ లేదు. ఆఫీసు, గది, మళ్ళీ ఆఫీసు. గదిలో గోడ అవతల ఎవరో పిల్లాడికి ఎక్కాలు నేర్పేవారు. తండ్రి ఒకటి అంటే కొడుకు ఒకటి అనేవాడు, తల్లి నవ్వేది. అతను గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పత్రిక వస్తే ముందు చివరి పేజీ తీసేవాడు. అందులో తన గురించి ఒక్క మాటైనా, తిట్టయినా ఉంటుందేమోనని వెతికేవాడు. ఉండేది కాదు.

'గృహిణి' విన్నపాలు మాత్రం ఆపేశాడు. 'ఈ వారం చెప్పుకోదగ్గదేమీ లేదు' అని రాసి పంపేవాడు. అబద్ధాల్లో అది కాస్త చిన్నదనిపించింది.

ఒకరోజు ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు క్లబ్బు గేటు దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. ఒక ముసలమ్మ చెయ్యి విరిగింది. ఆ వారం 'గుమ్మంలోంచి'లో వేళాకోళం లేదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరి బిందె ఎలా దొర్లిందో, ఏ అధికారి వరండాలో నిలబడి చూస్తూ పొగ తాగాడో రాసి ఉంది. చివర్లో, 'ఇన్నాళ్ళూ గుమ్మంలో కూర్చుని చూశాను. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను' అని ఉంది.

అతను పత్రిక జేబులో పెట్టుకుని తిన్నగా ప్రెస్‌కి నడిచాడు. ఆమె గుమ్మంలోనే ఉంది. మోచేతికి కట్టు ఉంది.

"దెబ్బ తగిలిందా?"

"పత్రిక అందలేదా పోస్టులో?"

"అందింది. అందుకే వచ్చాను." నిలబడే చెప్పాడు. "ఇది ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేస్తే ఈ ప్రెస్ ఉండదు. చెయ్యకపోతే... చెయ్యకుండా నేనుండలేను. కానీ ఈసారి మిమ్మల్ని అడక్కుండా ఏ పనీ చెయ్యను. ఏం చెయ్యమంటారు?"

ఆమె ముఖంలో కోపం ఇంకా ఉంది. దాని వెనక ఇంకేదో కదిలింది. లోపలికి తిరిగి, "మావయ్యా!" అని పిలిచింది.

ఎడిటరు అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తాళం పడితే నీ తిండికి, నా తిండికి కూడా కష్టమే అమ్మాయ్."

"తెలుసు."

"నేను లోపలికి పోతే ఒక్కదానివే ఉండాలి."

"ఇప్పుడు మాత్రం ఎంతమందితో ఉన్నాను మావయ్యా?"

ఎడిటరు నవ్వబోయి మానేశాడు. అతని వైపు తిరిగి, "వాళ్ళు వినకూడదనుకుంటే ఇంట్లోనే గొణుక్కునేవాళ్ళం కదండీ, పత్రిక ఎందుకు? రాయండి," అన్నాడు.

మర్నాడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా అతను ఆ ఒక్క పేజీయే రాశాడు. కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ ఆగాడు. ఆమె గొంతు పెంచని చోట తనూ పెంచలేదు. అంత జాగ్రత్తగా అతనెప్పుడూ ఏదీ తర్జుమా చెయ్యలేదు.

హెడ్ గుమాస్తా చదివి, కాసేపు అతని వంకే చూశాడు. "ఇన్నాళ్ళూ నీళ్ళ కోసం దండాలు పెట్టిన ఆవిడ ఒక్కసారిగా ఇలా తిరగబడిందేమయ్యా?"

"ఆవిడ మారలేదండీ."

"అంటే మారింది నువ్వన్నమాట," అన్నాడు. కాగితం లోపలికి పంపకుండా కాసేపు చేత్తో పట్టుకుని, తర్వాత పంపేశాడు.

ఆ వారం దాటకుండానే పోలీసులు ప్రెస్ మీద పడ్డారు. ఎడిటరు చొక్కా మార్చుకుని, చెప్పులు వేసుకుని, పొరుగూరు బయల్దేరినట్టు వాళ్ళ వెంట నడిచాడు. పోలీసులు ప్రెస్ సామాన్లు బయటికి మోస్తుంటే అక్షరాల పెట్టె ఒకటి జారి పగిలింది. సీసపు అక్షరాలు వీధంతా చెల్లాచెదురయ్యాయి. ఆమె ఒక్కతే వంగి ఏరుతోంది.

ఎదురింటావిడ కాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత దిగి వచ్చి తనూ ఏరసాగింది. ఆమె వెనక పక్కింటావిడ. చెయ్యి విరిగిన ముసలమ్మ బాగున్న చేత్తో ఏరింది. పిల్లని ఇన్నేళ్ళూ పలకరించని వీధి అంతా మోకాళ్ళ మీద కూర్చుంది. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియక, "ఇది 'క' కదే?" "ఇదిగో నా దగ్గరో 'మ' ఉంది," అనుకుంటూ ఏరారు.

అతను వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్ళే హక్కు తనకుందో లేదో తేల్చుకోలేకపోయాడు. చివరికి వచ్చి వంగాడు. దోసిట్లో పట్టినన్ని ఏరి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె తలెత్తింది. ఏడ్చిన కళ్ళు.

"చేతులు నల్లబడ్డాయి మీకు," అంది.

"పర్లేదు."

ఆమె ఒడి పట్టింది. అతను అక్షరాలు పోశాడు. అంతకంటే మాట్లాడుకుందామంటే చుట్టూ వీధి వీధంతా ఉంది.

మరునాడు ఆఫీసులో వేరే మనిషిని కూర్చోబెట్టి పాత సంచికలన్నీ మళ్ళీ తర్జుమా చేయించారు. గృహిణి బండారం బయటపడింది. "జైలుకి పంపకుండా ఇంటికి పంపేట్టు చూశాను. అంతకంటే నా వల్ల కాలేదయ్యా," అన్నాడు హెడ్ గుమాస్తా.

"ఇల్లెక్కడుందో చూసుకోవాలండీ," అన్నాడతను. దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ప్రెస్‌కి వెళితే తలుపుకి సర్కారు తాళం. ఆ అమ్మాయిని వాళ్ళ పిన్ని వచ్చి తీసుకుపోయిందని ఎదురింటావిడ చెప్పింది. ఏ ఊరో ఆమెకి సరిగా తెలియదు. "రైలెక్కేముందు ఇటూ అటూ చూసిందయ్యా," అంది. "ఎవరికోసమో నాకెలా తెలుస్తుంది?"

బావ ఇప్పుడు రమ్మని కబురు చేశాడు. వెళ్ళాడు. బావ వచ్చినవాళ్ళందరికీ అతన్ని చూపించి కథ చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా కాస్త పెంచేవాడు. అక్క మాత్రం, "సరిగా తింటున్నావా?" అనేది. ఆ ఒక్కదానికీ అతనికి కళ్ళు చెమర్చేవి. ఎక్కువ రోజులుండలేకపోయాడు.

రేవు పట్నంలో ఒక దినపత్రికకు ఇంగ్లీషు టెలిగ్రాములు జనం భాషలోకి మార్చే మనిషి కావలసి వచ్చింది. పత్రికలు అంతలా పెరుగుతున్న రోజులు, భాషలు రెండొచ్చినవాడు దొరికితే పాత కథలు అడిగే తీరిక ఎవరికీ లేదు. చేరాడు. ఎక్కడో జరిగే యుద్ధాలు, ఎవరివో పట్టాభిషేకాలు, భూకంపాలు, అన్నీ అతని చేతిమీదుగా జనంలోకి పోయేవి. పొద్దున వీధిలోకి వస్తే తను రాసినదాన్నే జనం గట్టిగా చదువుకుంటూ ఉండేవారు. ఇప్పుడెవరూ పత్రిక మడిచేసేవారు కారు, ఎందుకంటే అతనెవరో ఎవరికీ తెలియదు. అంతకుముందు ఊరంతా తెలిసీ మాట్లాడలేదు, ఇప్పుడు తెలియక మాట్లాడలేదు. పెద్ద తేడా కనిపించలేదతనికి.

పాత ఊళ్ళో కుళాయిలకు నీళ్ళొచ్చాయని ఎవరో రాస్తే అచ్చయింది. ఎందుకొచ్చాయో రాయలేదు. ఆ రెండు లైన్లూ చాలాసార్లు చదువుకున్నాడు.

ఇంకో ఏడు గడిచాక, ఒకరోజు ప్రూఫులో ఒక చిన్న వార్త కనబడింది. ఫలానా వారపత్రిక ఎడిటరు రేపు జైలునుంచి విడుదలవుతున్నారు. అతను ప్రూఫు పక్కనున్నవాడి చేతిలో పెట్టి స్టేషనుకి పరిగెత్తాడు.

మర్నాడు జైలు గేటు దగ్గర చాలామందే పోగయ్యారు. మధ్యాహ్నం కావస్తుండగా కాపలావాడు వచ్చి, ఈవేళ వదలటం లేదు పొమ్మన్నాడు. కాసేపు కేకలు వేసి, విసుక్కుని అందరూ వెళ్ళిపోయారు. అతను వెళ్ళలేదు. వెళ్ళటానికి చోటేదీ లేనివాడికి ఉండిపోవటం తేలిక. గోడ నీడలో ఇంకొకరు కూడా ఉండిపోయారు.

"ఆ ఎండలో అలాగే నిలబడితే కరిగిపోతారు," అంది ఆమె. "ఇటు రండి."

వెళ్ళాడు. గోడకి ఆనుకుని, మధ్యలో ఇంకొక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డాడు.

"ఉద్యోగం పోయిందట."

"పోయింది."

"నా వల్లే."

"కాదు. తర్జుమా వల్ల. మొదటిసారి బాగా కుదిరింది."

"చూపించండి."

"నా దగ్గర లేదు. ఫైలులో ఉండిపోయింది."

"గుర్తుందా మరి?"

గుర్తుంది. మొదలుపెట్టాడు. జైలు గోడకి ఆనుకుని, ఎదురుగా దుమ్ము లేస్తుంటే, మొత్తం ఇంగ్లీషులో చెప్పాడు. దొర్లిన బిందె, వరండాలో పొగ, విరిగిన చెయ్యి. ఆమె కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక కూడా కాసేపు తెరవలేదు.

"అర్థమైందా?" అన్నాడు భయం భయంగా.

"సగమే. నాకంత ఇంగ్లీషు రాదుగా." కళ్ళు తెరిచింది. తడిగా ఉన్నాయి. "కానీ అది నా గొంతే."

గోడ అవతల ఎక్కడో గంట మోగింది.

"పోస్టులో పంపిన రోజుల్లో," అంది నేలవైపు చూస్తూ, "కోపంగానే రాసేదాన్ని. కానీ ఊరి కోసం కాదు, మీకోసమే. ఒక్కమాటకైనా మీరు ఉలిక్కిపడితే బాగుండునని."

"ప్రతి మాటకీ పడ్డాను."

"పిన్ని వాళ్ళు మంచివాళ్ళే. వేళకి పిలిచి భోజనం పెడతారు. కానీ నేను ఏదైనా అంటే నవ్వి ఊరుకుంటారు. నాకు... ఎదురు చెప్పే మనిషి కావాలనిపిస్తుంది."

అతను గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "నాకు సొంతిల్లు లేదు. వంట రాదు. స్నేహితులు ఎవరూ లేరు. రోజుల తరబడి ఎవరితోనూ మాట్లాడకపోవటం వల్ల ఒక్కోసారి మాట కూడా సరిగా..."

"ఇలా చెప్పుకుంటే మీకెవరూ పిల్లనివ్వరు."

"ఎవరో ఎందుకు? మిమ్మల్నే అడుగుతున్నాను."

అనేశాడు. అని, ఎండలోకి చూస్తూ నిలబడిపోయాడు. ఆమె మధ్యనున్న చోటు దాటి వచ్చి పక్కన నిలబడింది. భుజానికి భుజం తగిలీ తగలనట్టు.

"ఇంకోసారి నాకు చెప్పకుండా నన్ను కాపాడితే ఊరుకోను," అంది.

"ఊరుకోవద్దు."

పొద్దు వాలుతుండగా పక్క తలుపు తెరుచుకుని ఎడిటరు ఒక్కడే బయటికొచ్చాడు. జనం పోగయితే గొడవని, అందరూ పోయాక వదిలారు. గడ్డం పెరిగింది, మనిషి ఇంకా సన్నబడ్డాడు. మేనకోడల్ని గుండెకి హత్తుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అతన్ని చూసి, ఆశ్చర్యపోకుండా, మొదటి మాటగా అడిగాడు.

"పత్రిక ఉందా దగ్గర?"

ఉంది. తీసి ఇచ్చాడు. అంతే, ఎడిటరు అక్కడే విప్పి చదవటం మొదలుపెట్టాడు. నడుస్తూ చదివాడు. లోపల ఒక్క అక్షరమూ ఇవ్వలేదట. రోడ్డు దాటేటప్పుడు బండి కింద పడతాడేమోనని ఇద్దరూ చెరోపక్క మోచెయ్యి పట్టుకుని నడిపించారు. మొదటి పేజీ, రెండో పేజీ, ప్రకటనలు, ఏదీ వదల్లేదు.

స్టేషను వీధి మలుపులో, పేజీ తిప్పుతూ, తలెత్తకుండా అన్నాడు: "మీ ఇద్దరూ మాట్లాడేసుకున్నట్టున్నారు. నేనేమైనా అడగాలా?"

"అక్కర్లేదు మావయ్యా."

"మంచిది. మీరిద్దరూ సుఖంగా ఉంటే నాకంతే చాలు," అని, "అబ్బ, ఈ పత్రిక వాళ్ళ సంపాదకీయం మరీ పొట్టిగా ఉందే!" అంటూ మళ్ళీ చదువులో పడ్డాడు.

టిక్కెట్ల కిటికీ దగ్గర మనిషి చీకటి పడకముందే లెక్క ముగించుకునే తొందరలో ఉన్నాడు. "ఎన్ని?" అన్నాడు.

అతను అలవాటుగా నోరు తెరిచాడు. అంతలో ఆమె అతని పక్కనుంచి వంగి, కిటికీలోకి చెప్పింది.

"మూడు."